ఫ్లాప్ తగలనప్పుడు బెట్ కొనసాగించాలా, ఆపాలా?

టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో చేతికి వచ్చేవి రెండే ముక్కలు. ఆ రెండూ జత కాకపోతే, బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, అంటే ఫ్లాప్‌లో, వాటిలో ఏదో ఒకదానికి జత పడే అవకాశం నూటికి 32 మాత్రమే. చేతిలో ఆసు–రాజు ఉన్నా అంతే, తొమ్మిది–నాలుగు ఉన్నా అంతే. ఎంత మంచి ముక్కలతో రైజ్ చేసినా (పందెం పెంచినా) మూడింట రెండుసార్లు ఫ్లాప్ మొండిచెయ్యే చూపిస్తుంది.

తగిలినప్పుడు మాత్రమే బెట్ వేసి, తగలనప్పుడల్లా చెక్ చేసి (బెట్ వేయకుండా వంతు దాటించి) ముక్కలు పడేసేవాళ్ల ఆట బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు ఎంతోసేపు దాగదు. వాళ్లు బెట్ వేస్తే అందరూ తప్పుకుంటారు, చెక్ చేస్తే అందరూ మీద పడతారు. కానీ ఇదే లెక్క అవతలివాళ్లకూ వర్తిస్తుంది. కాల్ చేసి (అవతలి బెట్‌కు సమానంగా పెట్టి) కూర్చున్న ఆటగాడికి కూడా ఎక్కువసార్లు ఏమీ తగలదు. ఫ్లాప్‌కు ముందు రైజ్ చేసినవాళ్లు ఫ్లాప్ తగిలినా తగలకపోయినా మళ్లీ బెట్ వేసే పద్ధతి ఇక్కడి నుంచే పుట్టింది. దాన్ని కంటిన్యుయేషన్ బెట్ అంటారు, బల్ల దగ్గర సీ-బెట్.

టీవీలో పోకర్ ఊపందుకున్న 2000ల తొలి ఏళ్లలో చాలామందికి ఇది ఒక అలవాటుగా మారిపోయింది. రైజ్ చేశామా, ఫ్లాప్‌లో బెట్ వేశామా, అంతే. అవతలివాళ్లు ఏదో ఒక ముక్కతో కాల్ చేయడం నేర్చుకునేదాకా అది బాగానే డబ్బులిచ్చింది. ఇప్పుడు అలా గుడ్డిగా వేస్తే కుదరదు. నాకు ముక్క పడలేదు అన్నది నిర్ణయంలో చిన్న భాగమే. ఆ బోర్డు (బల్ల మీద తెరిచిన ముక్కలు) ఎవరి చేతులకు నప్పుతుంది, బెట్ ధర ఎంత, తర్వాత వచ్చే ముక్కల్లో ఎన్ని మనకు పనికొస్తాయి అన్నవే అసలు ప్రశ్నలు. వీటికి జవాబు లేకుండా వేసే రెండో బెట్టు, మూడో బెట్టే ఎక్కువమంది చిప్స్ (పందెం కాసే బిళ్లలు) తినేస్తున్నాయి. ఫ్లాప్‌లో వేసే మొదటి బెట్ వల్ల జరిగే నష్టం వాటితో పోలిస్తే తక్కువే.

మూడు ముక్కలాట ఆడినవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. అందులో ఎవరి ముక్కలు వాళ్లవే, బల్ల మీద తెరిచి ఉండేవి ఏమీ ఉండవు. బ్లైండ్‌లో పెంచుకుంటూ పోయి అవతలివాళ్లను తప్పించడం చాలావరకు గుండె ధైర్యం మీద నడుస్తుంది. హోల్డెమ్‌లో చివరికి ఐదు ముక్కలు అందరి కళ్లముందూ ఉంటాయి. వేసిన ప్రతి బెట్టునూ అవతలి ఆటగాడు ఆ ముక్కలతో సరిచూసుకుంటాడు. అందుకే ఇక్కడ బ్లఫ్‌కు (ముక్క లేకున్నా ఉన్నట్టు బెట్ వేయడానికి) ధైర్యం ఒక్కటే సరిపోదు, బోర్డు కూడా మన మాటకు తోడు రావాలి.

ఒక్క మాట ముందే చెప్పాలి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఇక్కడి లెక్కలన్నీ చిప్స్‌లోనే ఉన్నాయి. ఉత్త చిప్స్‌తో ఆడుకునేవాళ్లకైనా, చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లకైనా అవి ఒకటే.

బెట్ ధర

పాట్‌లో (బల్ల మధ్య పోగైన పందెంలో) 600 చిప్స్ ఉన్నాయనుకుందాం. 200 బెట్ వేస్తే గెలిచేది 600, పోయేది 200. నాలుగుసార్లలో ఒక్కసారి అవతలివాళ్లు ఫోల్డ్ చేస్తే (ముక్కలు పడేసి తప్పుకుంటే) చాలు, నష్టం లేకుండా బయటపడతాం. 300 వేస్తే మూడింట ఒకసారి ఫోల్డ్ కావాలి. 400 వేస్తే నూటికి 40 సార్లు, పాట్ మొత్తం అంటే 600 వేస్తే సగం సార్లు కావాలి. బెట్‌ను, బెట్ కలిపిన పాట్‌తో భాగిస్తే వచ్చేదే ఈ సంఖ్య. ఇది నోటికి వచ్చి ఉండాలి. బల్ల దగ్గర కూర్చున్నాక కూడికలు చేసుకునే తీరిక ఉండదు.

ఈ లెక్కలో మన చేతికి గెలిచే అవకాశం సున్నా అనుకున్నాం. నిజానికి అలాంటి చేయి అరుదు. ఫ్లాప్ తగలని ఆసు–రాజుకు కూడా మూడు ఆసులు, మూడు రాజులు మిగిలే ఉంటాయి. ఆ ఆరింటిలో ఒకటి చివరి రెండు ముక్కల్లో పడే అవకాశం నూటికి 24. అందుకని కావాల్సిన ఫోల్డ్‌లు ఇంకా తగ్గుతాయి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లెక్కకు రెండో సగం ఉంది. బెట్ లాభమా కాదా అన్నది సున్నాతో పోల్చి తేల్చేది కాదు, చెక్‌తో పోల్చి తేల్చాలి. ఆసు–రాజు చెక్ చేసి ఊరుకున్నా కొన్నిసార్లు షోలో ఆసు బలంతోనే గెలుస్తుంది. దానితో బెట్ వేసి, మనకన్నా తక్కువ చేతులనే తరిమేసి, మనకన్నా పెద్ద చేతుల దగ్గరే కాల్ తెచ్చుకుంటే ఆ బెట్ వల్ల సాధించింది ఏమీ లేదు. షోలో ఎప్పటికీ గెలవని జాకీ–10 లాంటి చేతికి ఈ బెంగ లేదు. అందుకే చూడ్డానికి బలహీనంగా ఉన్న చేయి చాలాసార్లు బ్లఫ్‌కు మెరుగైన చేయి అవుతుంది.

బోర్డు ఎవరిది?

రాజు–7–2, మూడూ వేర్వేరు రంగులు. బటన్ మీద (ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర మాట్లాడే సీటులో) కూర్చున్న ఆటగాడు రైజ్ చేశాడు, బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే తప్పనిసరి పందెం పెట్టే సీటు) కాల్ చేశాడు. ఆసుల జత, రాజుల జత, ఆసు–రాజు లాంటివి బిగ్ బ్లైండ్‌కు వచ్చి ఉంటే ఫ్లాప్‌కు ముందే మళ్లీ రైజ్ చేసేవాడు. కాల్‌తో సరిపెట్టాడు కాబట్టి అవి అతని దగ్గర దాదాపు లేనట్టే. రైజ్ చేసినవాడి దగ్గర మాత్రం అవన్నీ ఉండొచ్చు. పైగా ఈ బోర్డు మీద స్ట్రెయిట్‌కు (వరుసగా ఐదు ముక్కలకు) గానీ ఫ్లష్‌కు (ఒకే రంగు ఐదు ముక్కలకు) గానీ దారి లేదు. 10–8, జాకీ–9, ఆసు–5 లాంటి చేతులకు కాల్ చేయడానికి కారణం దొరకదు. ఇలాంటిచోట పాట్‌లో మూడోవంతు బెట్‌ను దాదాపు అన్ని చేతులతోనూ వేయొచ్చు. నూటికి 25 ఫోల్డ్‌లు చాలు, అంతకన్నా ఎక్కువే వస్తాయి.

ఇప్పుడు 8–7–6, అందులో రెండు ఆఠీనులు. అవే ఇద్దరు ఆటగాళ్లు, అవే రైజు, కాలు. ఇక్కడ కథ తిరగబడుతుంది. బిగ్ బ్లైండ్ నుంచి చవకగా కాల్ చేసిన చేతుల్లో 10–9, 5–4, 8–7, 7–6, చిన్న జతలు దండిగా ఉంటాయి. ఏమీ తగలకపోయినా ఒక 9 గానీ ఒక 5 గానీ చేతిలో ఉంటే ఆశ ఉంటుంది, రెండు ఆఠీనులున్నా ఉంటుంది. ఆసు–రాణితో ఇక్కడ బెట్ వేస్తే ఫోల్డ్‌లు రావు. వచ్చినా అవి ఎలాగూ మనమే గెలవబోయే చేతులు. కాల్ వస్తే టర్న్‌లో (నాలుగో ముక్క తెరిచాక) దిక్కుతోచదు, రైజ్ వస్తే ఆరు ముక్కల ఆశ వదిలేసి తప్పుకోవాలి. ఈ బోర్డు మీద చెక్ చేయడాన్ని పిరికితనం అనుకోవడం పెద్ద పొరపాటు.

మిగతా బోర్డులన్నీ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి. ఆసు ఉన్న బోర్డు సాధారణంగా రైజ్ చేసినవాళ్ల వైపు మొగ్గుతుంది. జాకీ, 10, 9 లాంటి పక్కపక్క ముక్కలుంటే కాల్ చేసినవాళ్లకు ఊపిరి దొరుకుతుంది. రైజ్ ఏ సీటు నుంచి వచ్చిందన్నదీ లెక్కే. మొదటి సీటు నుంచి రైజ్ చేసేవాళ్లు పెద్ద జతలతోనే ఎక్కువగా వస్తారు కాబట్టి మధ్యస్థంగా ఉన్న బోర్డుల మీద కూడా వాళ్ల బెట్‌కు బరువుంటుంది. చివర మాట్లాడే సీటులో ఉంటే చెక్‌తో ఒక ముక్క ఉచితంగా చూడొచ్చు. ముందు మాట్లాడాల్సినవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

ఒక చేతిని దగ్గర నుంచి

బ్లైండ్లు (స్మాల్, బిగ్ సీట్ల తప్పనిసరి పందేలు) 50–100. బటన్ మీద మనం, చేతిలో కళావరు రాణి–జాకీ. 250కి రైజ్, స్మాల్ బ్లైండ్ ఫోల్డ్, బిగ్ బ్లైండ్ కాల్. పాట్ 550. ఫ్లాప్: డైమండు రాజు, ఇస్పేటు 7, కళావరు 2. బిగ్ బ్లైండ్ చెక్.

జత లేదు, డ్రా (ఇంకొక్క ముక్క పడితే స్ట్రెయిట్ లేదా ఫ్లష్ అయ్యే ఆశ) కూడా లేదు. అయినా 180 బెట్ సరైనదే. బోర్డు మనది, ధర తక్కువ. ఇంకో చిన్న విషయం కూడా ఉంది. బల్ల మీద ఒక కళావరు ఉంది, చేతిలో రెండున్నాయి. ఆసు, 10, 9, లేదా ఏ కళావరు పడినా టర్న్‌లో చేతికి కొత్త దారి తెరుచుకుంటుంది. రాబోయే ముక్కల్లో ఎక్కువ భాగం సాయపడే చేయికీ, ఏదీ సాయపడని చేయికీ ఫ్లాప్‌లో పైకి తేడా కనిపించదు. టర్న్ తెరిచాక ఆ తేడా చాలా పెద్దది.

బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు. పాట్ 910. టర్న్ కళావరు 10. ఇప్పుడు ఆసు గానీ 9 గానీ పడితే స్ట్రెయిట్, ఏ కళావరు పడినా ఫ్లష్. స్ట్రెయిట్‌కు 8, ఫ్లష్‌కు 9, రెండింటిలోనూ ఉన్న రెండు ముక్కలు తీసేస్తే మొత్తం 15. కనబడని 46 ముక్కల్లో 15 అంటే నూటికి దాదాపు 33.

600 బెట్ వేస్తే ఏమవుతుంది? కాల్ వచ్చిందనుకుందాం, రివర్‌లో (చివరి, ఐదో ముక్క దగ్గర) ఇద్దరూ చెక్ చేశారనుకుందాం. పాట్ 2110 అవుతుంది. అందులో మూడోవంతు కాస్త తక్కువగా మనది, అంటే దాదాపు 690. పెట్టింది 600. ఒక్క ఫోల్డ్ రాకపోయినా ఈ బెట్ నష్టం కాదు! అయితే పోల్చాల్సింది చెక్‌తో. చెక్ చేసి ఉచితంగా రివర్ చూస్తే 910లో మూడోవంతు, అంటే 300 దాకా మన వాటా. బెట్ దీన్ని దాటాలంటే నూటికి 25 ఫోల్డ్‌లు చాలు. బలమేమీ లేని చేతితో అదే 600 వేసి ఉంటే నూటికి 40 కావాల్సి వచ్చేది. డ్రా ఉండటం వల్ల కలిసొచ్చింది ఈ తేడానే. అవతలివాళ్లు రైజ్ చేసే ప్రమాదం, ఫ్లష్ పడ్డాక ఇంకా పెద్ద ఫ్లష్ ఎదురయ్యే ప్రమాదం ఈ లెక్కలోకి రాలేదు. వాటిని కలిపినా రెండో బెట్ వేయాల్సిందే అన్నది మారదు.

అదే టర్న్‌లో ఆఠీను 7 పడి ఉంటే? బోర్డు రాజు–7–2–7. ఫ్లాప్‌లో ఏడుతో కాల్ చేసినవాళ్లకు ఇప్పుడు మూడు ఏడులు. రాజు ఉన్నవాళ్లు కదలరు. 8ల జత, 9ల జత లాంటి వాళ్లను తప్పించగలమేమో గానీ, కాల్ వస్తే మన రాణి–జాకీకి ఎదురు దెబ్బ తప్ప ఇంకేమీ మిగల్లేదు. అక్కడ ఆగిపోవాలి. పోయింది 180 చిప్స్. ఇప్పటికే ఇంత పెట్టాం కదా అన్న ఆలోచన ఈ క్షణంలోనే తలెత్తుతుంది. పెట్టిన ఆ 180 ఇప్పుడు పాట్‌ది. దాని కోసం ఇంకో 600 వేయడం వేరే నిర్ణయం, ఆ నిర్ణయానికి కారణాలు కొత్తగా వెతుక్కోవాలి.

పోయింది పోయిందని ప్రతిసారీ టర్న్‌లో ఆపేసినా కష్టమే. ఒక్క బెట్ వేసి మానేసేవాళ్లను పసిగట్టడం చాలా తేలిక. అలాంటివాళ్ల మీద అవతలివాళ్లు ఫ్లాప్‌లో చేతికందిన ప్రతిదానితో కాల్ చేసి, టర్న్‌లో చెక్ వినగానే బెట్ వేసి పాట్ ఎత్తుకుపోతారు. రెండో బెట్‌కు తగిన ముక్కలు ఏవో ముందే తెలిసుండాలి. మన చేతికి డ్రా తెచ్చే ముక్కలు ఒక రకం. బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద ముక్కలు ఇంకో రకం. 9–6–3 మీద 7ల జతతో నిశ్చింతగా కాల్ చేసినవాళ్లకు టర్న్‌లో ఆసో రాజో పడగానే నిద్ర పట్టదు, ఎందుకంటే అవి రైజ్ చేసినవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండే ముక్కలు. అదే బోర్డు మీద 7 గానీ 8 గానీ పడితే భయపడాల్సింది మనమే.

రివర్‌లో మిగిలిపోయిన చేయి

మన చేతికి తిరిగొద్దాం. టర్న్‌లో 600కు కాల్ వచ్చింది, రివర్ ఆఠీను 3. పదిహేనింటిలో ఒక్కటీ పడలేదు. పాట్ 2110. చేతిలో రాణి. షో దాకా వెళ్తే గెలిచే దారి దాదాపు లేదు. ఇక్కడ చాలామంది చేతులు వాటంతటవే చిప్స్ మీదికి పోతాయి. గెలవడానికి బెట్ ఒక్కటే దారి కదా అంటారు. గెలిచే దారి ఒక్కటే కావడం ఆ దారి లాభమని చెప్పదు.

1400 బెట్ వేస్తే నూటికి 40 ఫోల్డ్‌లు కావాలి, డ్రా సాయం ఇప్పుడు లేదు. ఫ్లాప్‌లో వేసింది 180, టర్న్‌లో 600, ఇప్పుడు 1400. మూడింటిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే. అయినా ఫ్లాప్ సీ-బెట్ గురించి జరిగేంత చర్చలో పదోవంతు కూడా రివర్ గురించి జరగదు.

రెండుసార్లు కాల్ చేసిన బిగ్ బ్లైండ్ దగ్గర ఏముండొచ్చు? రాజు ఉన్న చేతులు, 10 ఉన్న చేతులు, పంతం పట్టిన 7లు కొన్ని, పడని కళావరు ఫ్లష్ డ్రాలు, పడని స్ట్రెయిట్ డ్రాలు. మన రెండు ముక్కలు ఈ జాబితాలో దేన్ని తగ్గిస్తున్నాయో చూడాలి. రాజు–జాకీ మామూలుగా 12 రకాలుగా రావాలి, ఎందుకంటే ఒక రాజు బల్ల మీద ఉంది. మన దగ్గర ఒక జాకీ ఉంది కాబట్టి 9 రకాలే మిగిలాయి. రాజు–రాణి కూడా అంతే. కాల్ చేసే చేతులు తగ్గాయి, ఇది మంచిదే. కానీ మన చేతిలో రెండు కళావరులు కూడా ఉన్నాయి. అవి అవతలివాళ్ల దగ్గర ఉండగల పడని ఫ్లష్ డ్రాలను తగ్గిస్తాయి. మనం బెట్ వేస్తే సంతోషంగా ఫోల్డ్ చేసే చేతులు అవే. అంటే ఫోల్డ్‌లు తగ్గాయి.

అదే రాణి–జాకీ రెండూ ఆఠీనులై ఉంటే టర్న్‌లో స్ట్రెయిట్ డ్రా ఎలాగూ ఉండేది, రెండో బెట్ వేసేవాళ్లం. రివర్‌కు వచ్చేసరికి రాజు–రాణిని, రాజు–జాకీని అంతే తగ్గించేది, పడని కళావరులను మాత్రం ముట్టుకునేది కాదు. మూడో బెట్‌కు ఆ చేయి మెరుగు. పడని ఫ్లష్ డ్రాతో రివర్‌లో మూడో బెట్ వేయడం కొత్తవాళ్లు అందరూ చేసే పని. ఆ చేయి తరచూ బ్లఫ్‌కు అంత మంచిది కాదన్నది ఈ ఆటలో చాలా ఆలస్యంగా బుర్రకెక్కే విషయం.

ఇంకో వైపు నుంచి చూసినా అదే తేలుతుంది. 2110 పాట్‌లో 1400 బెట్‌కు కాల్ చేసేవాళ్లు నూటికి 28, 29 సార్లు గెలిస్తే చాలు. కాబట్టి రివర్‌లో మనం వేసే బెట్లలో బ్లఫ్‌లు దాదాపు అంతవరకే ఉండాలి. అంటే ఐదు నిజమైన చేతులకు రెండు బ్లఫ్‌లు. పాట్ మొత్తం బెట్ అయితే రెండుకు ఒకటి. పడని డ్రాలన్నిటితోనూ మూడో బెట్ వేస్తే ఈ కొలత దాటిపోతుంది. కాబట్టి కొన్ని డ్రాలను చెక్ చేసి వదిలేయక తప్పదు. ఏవి వదలాలో పైన చెప్పిన ముక్కల లెక్కే చూపిస్తుంది.

మనీమేకర్ బ్లఫ్

ఈ లెక్కలన్నీ ఇంకా అందరి నోళ్లలో నానని రోజుల్లోనే, 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో, తగలని చేతితో బెట్ కొనసాగించిన ఆట ఒకటి చరిత్రలో నిలిచిపోయింది. లాస్ వేగాస్‌లో బినియన్స్ హార్స్‌షూ క్యాసినోలో 839 మంది మొదలుపెట్టారు. చివరికి మిగిలింది ఇద్దరు. అనుభవం పండిన ప్రొఫెషనల్ శామీ ఫర్హా ఒకరు, ఆన్‌లైన్ క్వాలిఫయర్ గెలిచి వచ్చిన టెన్నెసీ అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఇంకొకరు.

మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను 7. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను 9. ఫ్లాప్ ఇస్పేటు 9, డైమండు 2, ఇస్పేటు 6. ఇద్దరూ చెక్. టర్న్ ఇస్పేటు 8. ఫర్హా బెట్ వేశాడు, మనీమేకర్ రైజ్ చేశాడు, ఫర్హా కాల్. రివర్ ఆఠీను 3. ఫర్హా చెక్. మనీమేకర్ ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశాడు).

టర్న్ రైజ్‌ను చూడండి. ఒక ఇస్పేటు పడితే రాజుతో ఫ్లష్, 5 గానీ 10 గానీ పడితే స్ట్రెయిట్. అతని వైపు నుంచి లెక్కపెడితే 15 ముక్కలు, పైన మన కళావరు రాణి–జాకీకి ఉన్నన్నే. ఆ రైజ్ వెనక డ్రా బలం ఉంది కాబట్టి దాన్ని ఉత్త బ్లఫ్ అనలేం. రివర్‌లో అవేవీ పడలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది రాజు పేరు మాత్రమే. అయితే ఆ ఇస్పేటు రాజు ఇంకో పని చేస్తోంది. అది తన దగ్గర ఉంది కాబట్టి, ఫర్హా టర్న్‌లోనే రాజుతో ఫ్లష్ కొట్టి దాక్కున్నాడన్న భయం లేదు. ఆసు ఫ్లష్ ఒక్కటే పెద్ద ప్రమాదం. బోర్డు మీద మూడు ఇస్పేటులు, 9–8–6. ఫ్లష్ ఉన్నవాళ్లు, స్ట్రెయిట్ ఉన్నవాళ్లు సరిగ్గా ఇలాగే ఆడతారు. అతని బెట్లు చెప్పిన కథకూ బోర్డు చెప్పే కథకూ ఎక్కడా తేడా లేదు.

ఫర్హా చాలాసేపు ఆలోచించాడు. ఫ్లష్ పడలేదు కదా అని పైకే అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. బోర్డులోని పెద్ద ముక్కకు జత చేతిలో ఉంది, ఆ చేయే ముందుంది కూడా. అయినా ముక్కలు పడేశాడు. కాల్ చేస్తే దాదాపు టోర్నమెంటంతా ఆ ఒక్క అంచనా మీద పెట్టినట్టే. సరిగ్గా ఊహించినవాళ్లను కూడా కాల్ చేయనివ్వని ధర అది. కొద్దిసేపటికి మనీమేకర్ 25 లక్షల డాలర్ల మొదటి బహుమతి గెలిచాడు. మరుసటి ఏడు అదే టోర్నమెంటుకు 2,576 మంది వచ్చారు.

ఈ ఆటను చూసి చాలామంది ధైర్యాన్ని మాత్రమే నేర్చుకున్నారు. అందులో నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఫోల్డ్ చేయగల సత్తా ఉన్న ఆటగాడి మీద, ఫోల్డ్‌కు కారణమిచ్చే బోర్డు మీద, డ్రాతో మొదలుపెట్టిన బెట్ అది. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా అదే ఆల్ ఇన్ ఘోరమైన బెట్ అయ్యేది.

ఎవరి మీద వేస్తున్నాం?

స్నేహితుల బల్ల మీద, చిన్న ఆటల్లో కనబడే ఆటగాళ్లలో ఎక్కువమంది చిన్న జతను కూడా వదలరు. చూద్దాం అని కాల్ చేస్తారు. వాళ్ల మీద ఫ్లాప్ బెట్ పనిచేస్తుంది, ఎందుకంటే ఏమీ తగలనప్పుడు వాళ్లూ పడేస్తారు. టర్న్ దాటి వచ్చారంటే చేతిలో ఏదో ఉన్నట్టే, ఇక కదలరు. అలాంటి బల్ల మీద రివర్ బ్లఫ్‌ను దాదాపు పూర్తిగా మానేసి, మంచి చేయి వచ్చినప్పుడు బెట్‌ను పెంచడమే తెలివైన పని. సిద్ధాంతం ప్రకారం ఐదుకు రెండు బ్లఫ్‌లు అన్న కొలత, సరిగ్గా ఫోల్డ్ చేయడం తెలిసినవాళ్ల కోసం.

పాట్‌లో ఎంతమంది ఉన్నారన్నది ఇంకా ముఖ్యం. ఒక్కొక్కరూ నూటికి 60 సార్లు ఫోల్డ్ చేసేవాళ్లే అనుకున్నా, ఇద్దరూ ఒకేసారి ఫోల్డ్ చేసేది 36 సార్లు, ముగ్గురూ చేసేది 22 సార్లే. మూడోవంతు బెట్‌కు కావాల్సిన 25 కూడా ముగ్గురి దగ్గర రావు. నలుగురు చూసిన ఫ్లాప్ తగలకపోతే, డ్రా లేకపోతే, చెక్ చేసి వదిలేయడమే మంచిది. టోర్నమెంట్ చివర్లో, ప్రైజ్ మనీ దగ్గరపడే వేళ, పోయే చిప్స్ విలువ గెలిచే చిప్స్ కన్నా ఎక్కువ కాబట్టి అక్కడా పెద్ద బ్లఫ్‌లు తగ్గాలి.

బెట్ సైజు విషయంలో కంప్యూటర్ల నుంచి ఆటగాళ్లు నేర్చుకున్నది చాలా ఉంది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని రివర్స్ క్యాసినోలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన లిబ్రేటస్ అనే పోకర్ ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌తో 1,20,000 చేతులు ఆడి గెలిచింది. పాట్‌ను మించిన బెట్లను అది ఏ జంకూ లేకుండా వేసింది. పాట్‌కు ఒకటిన్నర రెట్లు వేస్తే నూటికి 60 ఫోల్డ్‌లు కావాలి కాబట్టి పైకి అది పిచ్చి పనిలా కనిపిస్తుంది. కానీ అవతలివాళ్ల దగ్గర బలమైన చేతులు ఉండే అవకాశమే లేనప్పుడు, అంటే వాళ్లు అంతకుముందు ఆడిన తీరు వాటిని తోసిపుచ్చినప్పుడు, ఒక మామూలు జతతో అంత ధర ఎవరూ కట్టలేరు. ఆ సందర్భాన్ని గుర్తుపట్టడం రానివాళ్లు మూడింట రెండొంతుల బెట్ దగ్గరే ఉండటం మేలు.

ఫ్లాప్‌లో చెక్ చేస్తే ఆ చేతి మీద హక్కు వదులుకున్నట్టు కాదు. బటన్ మీద మనం చెక్ చేశాం, టర్న్‌లో బిగ్ బ్లైండ్ మళ్లీ చెక్ చేశాడు. ఇప్పుడు అతని దగ్గర బలమైన చేయి ఉండే అవకాశం బాగా తగ్గింది, ఎందుకంటే మంచి చేయి ఉంటే వరుసగా రెండుసార్లు చిప్స్ వదులుకోడు. ఫ్లాప్‌లో 8–7–6 మీద వెనక్కి తగ్గిన ఆసు–రాణితో టర్న్‌లో రాజు పడ్డాక సగం పాట్ వేస్తే, ఫ్లాప్‌లో రాని ఫోల్డ్‌లు ఇక్కడ వస్తాయి. కావాల్సింది మూడింట ఒకసారే. కాల్ వస్తే రివర్‌లో ఆసో రాణో పడితే తప్ప ఇంకో చిప్ పెట్టకూడదు.